ఇంటికొకటి, రైలుకొకటి

మంగళవారం సాధన ముగిశాక ట్రీను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పినా బాగుండేది. పేరు పెట్టి అంటే ఒక్కరికే తగులుతుంది. పేరు లేకుండా అంటే గుమ్మడికాయల దొంగ సామెతలాగా వరసలో ఉన్నవాళ్ళందరూ భుజాలు తడుముకుంటారు.

"రెండో ఆల్టోలో ఒక గొంతు కిందికి జారుతోంది," అంది ట్రీను, పియానో మూత వేస్తూ. మా ఎల్వా ఊరి గాన బృందాన్ని నడిపించే పిల్ల, ముప్పై నాలుగేళ్ళది, మాటలో నాన్చుడు లేదు. రెండో ఆల్టో అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే కింది వరస. "కొంచెమే జారుతోంది. కానీ వడపోతకి కూర్చునే వాళ్ళకి ఆ కొంచెం చాలు. రెండు వారాల తర్వాత ఇద్దరిద్దరిగా నిలబెట్టి వింటాను. శ్రుతి నిలవనివాళ్ళు ఈసారి పండుగకి రారు. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటారు చెప్పండి? అయిదేళ్ళకొకసారి, జులైలో, రాజధాని టాలిన్‌లో పాటల పండుగ. దేశంలో పాడగలిగిన వాళ్ళంతా ఒకే వేదిక ఎక్కి పాడే రోజు. అక్కడికి వెళ్ళే ముందు ప్రతి బృందమూ వడపోత దాటాలి. అందులో ఆగిపోయినవాళ్ళు టీవీ ముందు కూర్చుని బంగాళదుంపలు ఒలుచుకోవాలి.

ఆ జారే గొంతు తనదేనని మిల్వికి అక్కడికక్కడే తెలిసిపోయింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. టార్టు ఆర్కైవులో పాత పుస్తకాలకు అట్టలు కట్టే ఉద్యోగం ఇంకా చేస్తోంది గానీ, ఈ చలికాలమంతా పక్క బల్లవాళ్ళు చెప్పింది రెండోసారి అడగాల్సి వస్తోంది. పాడుతున్నప్పుడు ఏదో కిందికి లాగుతున్నట్టు ఆమెకూ వినిపిస్తూనే ఉంది. తన గొంతు కాక ఇంకెవరిది? పక్కనుండేది ఉర్వె. ఆ ఇద్దరి గొంతులూ ముప్పై ఏళ్ళుగా పక్కపక్కనే పాడి పాడి పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. ఏది ఎవరిదో విడదీయడం వాళ్ళ వల్ల కూడా కాదు.

పందొమ్మిదో ఏట మొదలుపెట్టి మిల్వి ఒక్క పండుగా తప్పలేదు. చివరి ఆరూ ఉర్వె పక్కనే నిలబడి పాడింది. పోయినసారి పండుగకు ముందు చలికాలంలో మిల్వి భర్త ఆర్వి పోయాడు. ఆ నాలుగు నెలలూ ఉర్వె ప్రతి సాయంత్రం ఆరింటికి వచ్చి, పొయ్యిలో కట్టెలు వేసి, ఒక్క ఓదార్పు మాటా అనకుండా రెండు గంటలు కూర్చుని వెళ్ళేది. ఆ జులైలో, వేదిక మీద, వానలో తడుస్తూ నిలబడినప్పుడు మిల్వి ఆమె చెవి దగ్గరికి వంగి, "ఆ చలికాలం నువ్వు రాకపోయుంటే నేను బతికేదాన్ని కాదే," అంది. జీవితంలో అలాంటి మాట ఇంకెవరితోనూ అనలేదు. ఉర్వె తలూపింది. అంతే. మావాళ్ళలో అంతకంటే ఎవరూ ఆశించరు. మిల్వి ఆ తలూపును అయిదేళ్ళుగా దాచుకుంది.

ఇప్పుడు ఆ చోటే పోయేలా ఉంది.

సాధన నుంచి ఇద్దరూ నడిచే ఇంటికి వెళతారు. ఎల్వాలో ఏప్రిల్ మొదట్లో రోడ్డు పక్క మంచు ఇంకా బూడిద రంగులో కుప్పలుగా ఉంటుంది. ఉర్వె ఎప్పటిలాగే మిల్వికి ఎడమ పక్కన, రోడ్డు వైపు నడుస్తోంది.

"మొహం అట్లా పెట్టావేమే? ఎవరో పోయినట్టు."

"నేనేనే ఉర్వె. ఆ జారేది నా గొంతే."

"ఆఁ, చూసొచ్చావు!"

"చూడక్కర్లేదు, వినబడుతోంది నాకు."

"వినబడితే సరిచేసుకో, ఏడవడమెందుకు?" ఉర్వె దారిలోనే ఆగి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై రెండేళ్ళు చేసిన మనిషి. ఊళ్ళో సగం మంది పెళ్ళి కబుర్లూ చావు కబుర్లూ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి. "ట్రీను పంపిన పాటలు నువ్వు ఆ రేకు డబ్బా ఫోన్లో వింటావు. అందులో శ్రుతి ఏం తెలుస్తుంది, నీ మొహం! మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో. ఇంట్లో విను, రైల్లో విను. ఇరవై రెండేళ్ళు చెవికి తగిలించుకు కూర్చున్నదాన్ని చెప్తున్నా. చెవి మీద సరిగ్గా కూర్చుంటే సగం పని అయినట్టే."

"అయినా జారితే?"

"జారితే నేనూ రాను. నీ చోట్లో ఎవరో కొత్త పిల్లని నిలబెడితే నేను పాడతానా? పద, కాళ్ళు గడ్డకడుతున్నాయి."

మర్నాడు పని అయ్యాక మిల్వి టార్టు సంత వెనక వీధిలో ఉన్న హెడ్‌ఫోన్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు హెయికి యాభై దాటినవాడు. కళ్ళద్దాలు తాడుకు కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

"ఇంట్లోనూ రైల్లోనూ పనికొచ్చేది ఒక్కటి కావాలండీ," అంది మిల్వి.

"ఏం వింటారు?"

"బృందంలో నేను పాడే లైను."

"ఏ గొంతు?"

"రెండో ఆల్టో."

హెయికి తలూపాడు. "మా ఆవిడ మొదటి సొప్రానో, అన్నిటికంటే పై గొంతు," అన్నాడు. ఆ చెప్పడం ఇంట్లో ఎవరికో దీర్ఘ వ్యాధి ఉందన్నట్టు చెప్పాడు. తర్వాత రెండు జతలు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది నల్లది, మెత్తటి దిండ్లతో చెవిని పూర్తిగా మూసేస్తుంది. బయటి రొదను మింగేసే యంత్రం లోపలే ఉంది. రాత్రి చార్జింగు పెట్టాలి. రెండోది తేలిక. చెవుల మీద జల్లెడలాంటి మూతలు, ఫోనుకు తగిలించే వైరు.

"ఈ జల్లెడ రకం ఉంది చూశారూ, ఇది ఇంటికి," అన్నాడు హెయికి. "లోపలి పాట కొంచెం బయటికి పోతుంది, బయటి చప్పుడు కొంచెం లోపలికి వస్తుంది. పెట్టుకుని పాడితే మీ గొంతు మీకు తెలుస్తుంది. పాడేవాళ్ళకి ఇదే నేను చెప్పేది."

"రైల్లో పెట్టుకుంటే నా పాట పక్కవాళ్ళకి వినబడుతుందా?"

"సన్నగా వినబడుతుంది."

"అయ్యో, వద్దు బాబూ! తల ఎక్కడ పెట్టుకోను?"

"రైలుకి ఈ నల్లది. కానీ అమ్మా, ఇందులో మీ గొంతు మీకు సరిగ్గా తెలీదు. ఇంటికొకటి, రైలుకొకటి తీసుకుంటే..."

"ఒక్కటే కావాలి. రెండు చోట్లకీ."

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటారు," అని నిట్టూర్చాడు హెయికి. "సరే, పెట్టుకుని చూడండి."

మిల్వి తన ఉన్ని టోపీ తియ్యకుండానే నల్లవి పెట్టుకుంది. ఈ దేశంలో ఏడాదిలో ఏడు నెలలు టోపీ ఉంటుంది. టోపీ మీద కూర్చోనివి కొని ఏం లాభం? చక్కగా కూర్చున్నాయి. హెయికి మీట నొక్కాడు. వీధిలో వెళ్ళే బస్సు, మూలనున్న ఫ్రిజ్జు, హెయికి పెదవులు కదుపుతూ చెబుతున్న జాగ్రత్తలు, అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. అబ్బ, ఎంత హాయి! ఆర్వి ఉన్న రోజుల్లో ఆదివారం పొద్దున ఇల్లు ఇలా ఉండేది.

"ఇదే తీసుకుంటాను," అంది, తనకు తెలియకుండానే అరుస్తూ. మూలనున్న ఇంకో గిరాకీ ఇటు తిరిగి చూసి, మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. రెండు వారాల్లోగా తెస్తే మారుస్తానని హెయికి రసీదు మీద రాసిచ్చాడు.

ట్రీను పంపిన పాటలన్నీ ఒకే తీరున చేసినవి. ఎడమ చెవిలో ట్రీను తనే పాడిన మన లైను, కుడి చెవిలో మిగతా గొంతులు. అలా అయితే మన దారి మనకు తెలుస్తూనే తక్కినవాళ్ళు ఎక్కడున్నారో కూడా తెలుస్తుంది. ఎల్వా నుంచి టార్టుకు రైలు అరగంట. పొద్దున ఏడింటి బండిలో కిటికీ పక్కన కూర్చుని, నల్లవి తగిలించుకుని, కళ్ళు మూసుకుని మిల్వి తన లైను వినేది. వింటూ లోపల్లోపల పాడుకునేది. లోపలే పాడుకుంటున్నానని ఆమె అనుకునేది.

మొదటిరోజు ఎదురుగా పత్రిక చదువుతున్నాయన పత్రిక దించి చూసి, మళ్ళీ ఎత్తాడు. రెండోరోజు పక్క సీట్లు రెండు ఖాళీగా ఉన్నాయి. మూడోరోజు మళ్ళీ నిండాయి. నాలుగోరోజు అటువైపు కూర్చున్న నర్సమ్మ బూటు కొన నేల మీద తాళం వేస్తోంది. జనం ఈమధ్య కాస్త హుషారుగా ఉన్నారు, వసంతం వస్తోంది కదా అనుకుంది మిల్వి.

ఆరోరోజు పొద్దున, దారి సగంలో, నల్లవాటిలో చార్జింగు అయిపోయింది. ట్రీను గొంతు ఆగింది. రొదను మింగే యంత్రమూ ఆగింది. అయినా పాట ఆగలేదు. నిండు రైలు పెట్టెలో, చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దంలో, ఒక ఆడమనిషి గొంతెత్తి రెండో ఆల్టో పాడుతోంది. ఎవరబ్బా అని మిల్వి కళ్ళు తెరిచింది. నోరు తనదే తెరిచి ఉంది.

గబుక్కున మూసుకుంది. తల కొట్టేసినట్టయింది. పెట్టెలో ఉన్న ముప్పై మందీ కిటికీల్లోంచి పైన్ చెట్లను మహా శ్రద్ధగా చూస్తున్నారు.

పత్రికాయన ఒక్కడే పత్రిక దించాడు. డెబ్భై దాటిన మనిషి. "ఆపారేమండీ?" అన్నాడు మెల్లగా. "ఇంకా రెండు చరణాలున్నాయి కదా."

"ఎన్... ఎన్నాళ్ళ నుంచి పాడుతున్నానండీ?"

"పోయిన గురువారం నుంచి."

"మరి ఒక్కరైనా చెప్పరేం!"

"ఎలా చెబుతాం?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీకు తెలిసే పాడుతున్నారనుకున్నాం."

ఇదీ మావాళ్ళ సంగతి. కొంప అంటుకున్నా, మీరు కావాలనే అంటించుకున్నారేమో అని పక్కకు తప్పుకుంటారు. ఆయన పక్క ఊరు వాల్గా బృందంలో బాస్, అంటే మగవాళ్ళ కింది గొంతు, పాడతాడట. వాళ్ళూ అదే పాట సాధన చేస్తున్నారట. "మీ లైను ఆధారం చేసుకుని వారం నుంచీ నాది నేను లోపల పాడుకుంటున్నా," అన్నాడు.

సిగ్గుతో చస్తూ కూడా మిల్వి అడగకుండా ఉండలేకపోయింది. "మరి శ్రుతి? కిందికి జారుతోందా?"

"మీదా? గోడకి తూకం గుండు వేలాడదీసినట్టు నిటారుగా ఉంది. చెవితోనే కదండీ నేను బతికింది, ముప్పై ఏళ్ళు పియానోలు సరిచేశాను."

రైలు దిగి ఆర్కైవు దాకా మిల్వి దాదాపు పరుగెత్తింది. సిగ్గు ఎటో పోయింది. తన గొంతు కాదు! కాదంటే కాదు!

శనివారం మధ్యాహ్నం ఉర్వె తన పెరట్లో బిర్చి చెట్టు మానుకు గాటు పెట్టి దించిన నీరు ఒక సీసాడు తెచ్చింది. మిల్వి రై రొట్టె మీద వెన్న రాసి, ఉప్పు చేపలు పరిచి, కాఫీ పెట్టింది. ఉర్వె ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, గోడ మూల, వంటగదంతా తన కుడివైపు ఉండేలా కూర్చుంది. మిల్వి రైలు కథంతా చెప్పింది. ఉర్వె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"వారం రోజులు! టిక్కెట్టు లేని కచేరీ! ఒసే, వచ్చే వారం టోపీ తీసి ముందు పెట్టుకోవే, నాలుగు యూరోలు రాలుతాయి."

"నవ్వు, నవ్వు. కానీ నా గొంతు కాదని తేలిందా లేదా?"

"నేను మొదట్నించీ చెప్పలా? ఆ వెనక వరస హెల్యు అయ్యుంటుంది. ముక్కుతో పాడుతుంది. ఏదీ, ఆ నల్ల యంత్రాన్ని ఇటివ్వు, నేనూ చూస్తా."

నల్లవి తీసుకుని, తల వెనక్కు వంచి, పాత అలవాటుగా ఒక్క ఊపులో తగిలించుకుంది. మిల్వి ఫోనులో పాట పెట్టింది. ఉర్వె కళ్ళు మూసుకుంది. కాసేపటికి నొసలు ముడిపడ్డాయి.

"ఇదేమిటే, మన లైనేదీ? మగాళ్ళూ సొప్రానోలే పాడుతున్నారు."

"మనది ఎడమవైపు వస్తుంది."

"ఎడమవైపు ఏమీ రావట్లా. చచ్చింది ఇది." ఉర్వెకు కోపం వచ్చేసింది. "ఇంత డబ్బు తీసుకుని ఒక పక్క పనిచేయని సరుకు అంటగడతాడా ఆ హెయికి? సోమవారం నేనూ వస్తా పద, వాణ్ణి కడిగేస్తా."

"పొద్దున బాగానే ఉందే..."

"నాకు చెబుతావా? ఉండు, చూపిస్తా." ఎక్స్చేంజిలో లైను చచ్చిందని ఎవరైనా అంటే ముందుగా చేసే పని ఒకటుంది. తీగలు అటుదిటు మార్చి చూడటం. ఉర్వె నల్లవాటిని తీసి, వెనక్కు తిప్పి, ఎడమది కుడి చెవికీ, కుడిది ఎడమ చెవికీ పెట్టుకుంది.

మిల్వి ఎదురుచూసింది. ఉర్వె మళ్ళీ తీసి మొదటి వైపుకు తిప్పి పెట్టుకుంది. మళ్ళీ తిప్పింది. తర్వాత నెమ్మదిగా తీసి, వైర్లేమీ లేకపోయినా ఉన్నట్టే చుట్టబోయి, బల్ల మీద పెట్టింది.

"మంచిదే కొన్నావే," అంది. "ఏమీ పాడవలేదు."

"మరి?"

"తిప్పి పెడితే మన లైను గంటలా వినబడుతోంది. మగాళ్ళు మాయమయ్యారు." ఉర్వె తన ఎడమ చెవిని రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇరవై రెండేళ్ళూ దీనికే కదా తగిలించింది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, నా చెవి చచ్చిపోతే నీ యంత్రాన్ని తిట్టాను."

ఆ మూల కుర్చీ. రోడ్డు మీద ఎప్పుడూ తనకు ఎడమ పక్కనే నడవడం. కొన్నేళ్ళుగా ఫోను కుడిచేతికి మారడం. మిల్వి అన్నీ చూస్తూనే ఉంది, ఒక్కటీ పసిగట్టలేదు. ఉర్వె కూడా పసిగట్టలేదు. ఒక చెవి మూసుకుని రెండోదాన్ని పరీక్ష పెట్టేదెవరు? కొంచెం కొంచెంగా పోయినదాన్ని పోయిందని ఎవరంటారు?

బృందంలో మిల్వి నిలబడేది ఉర్వె ఎడమ పక్కన. వరస చివర కావడంతో ఉర్వె కుడి పక్కన ఆల్టోలు లేరు, మగవాళ్ళే. బాగున్న చెవిలో వాళ్ళ గొంతులు హోరెత్తుతుంటే పాపం తన లైను ఎక్కడని పట్టుకుంటుంది? కిందికి జారక ఏం చేస్తుంది?

"మరి నేను చెప్పిన జోకులో?" అంది మిల్వి చివరికి. సాధనలో మగవాళ్ళ మీద ఆమె గుసగుసగా వేసే జోకులు అన్నీ ఇన్నీ కావు.

"నువ్వు నవ్వితే నేనూ నవ్వేదాన్ని," అంది ఉర్వె. "నువ్వు గొణుగుతావు కాబట్టి వినబడట్లేదనుకున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదావే పిచ్చిదానా, ఇన్నేళ్ళూ."

మిల్వికి నవ్వు రాలేదు. వానలో, వేదిక మీద, ఆ చెవిలోనే కదా చెప్పింది. ఉర్వె తలూపింది కదా. అయిదేళ్ళుగా దాచుకున్నది వట్టి తలూపే. అడగాలని మాట నోటిదాకా వచ్చింది గానీ కాఫీతో పాటు మింగేసింది.

"మంగళవారం నేను రాను," అంది ఉర్వె, రొట్టె ముక్కలు చేత్తో ఊడుస్తూ. "నువ్వు హెల్యుతో నిలబడు. ట్రీనుకి నేనే చెబుతాను, మోకాళ్ళ నొప్పులని."

"నోర్ముయ్."

"ఏమిటే?"

"నోర్ముయ్యమన్నా. వినబడిందా, అటుపక్క తిరిగి చెప్పనా?" మిల్వికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కోపం కూడా అంతే వచ్చింది. "నేను జారితే నువ్వూ రానన్నావు. ఆ మాట నాకొక్కదానికేనా? లే. లేచి నిలబడు."

"ఎందుకు?"

"లే ముందు."

పొయ్యి పక్కన ఇద్దరూ నిలబడ్డారు. మిల్వి చుట్టూ తిరిగి ఉర్వె కుడి పక్కకు వచ్చింది. పాడటానికి ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అటు నిలబడలేదు. కుడి ఎడమలు మారితే ఇంత వింతగా ఉంటుందా, ఇద్దరికీ భుజాలు ఒరుసుకున్నాయి. మొదటిసారి పాట సగంలో ఉర్వె తడబడింది. రెండోసారి చివర్లో. మూడోసారి మిల్వి విన్నది ఇద్దరి గొంతులనా, ఒకే గొంతునా అనేది ఆమెకే తెలియలేదు. కిందికి లాగేది మాత్రం ఏదీ లేదు. పదకొండోసారికి కాఫీ చల్లారిపోయింది. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టలేదు. మావాళ్ళు కొట్టరు.

సోమవారం ఇద్దరూ హెయికి దగ్గరికి వెళ్ళారు. కడగడానికి కాదు. ఉర్వె జల్లెడ రకం చేతిలోకి తీసుకుని, తిప్పి, లోపలి గుడ్డ వేలితో నొక్కి, బరువు చూసింది.

"ఒక చెవి పనిచేయనివాళ్ళకి రెండు పక్కలదీ ఒకే పక్క వచ్చేట్టు చెయ్యొచ్చా?" అని అడిగింది, సంతలో చేపలు బేరమాడినట్టు మామూలుగా.

"ఫోనులోనే ఉందమ్మా ఆ ఏర్పాటు," అని హెయికి ఆమె ఫోను తీసుకుని రెండు నొక్కులు నొక్కాడు. ఉర్వె పెట్టుకుని వింది. మిల్వి ఆమె మొహమే చూస్తోంది. ఉర్వె పెదవులు కదిలాయి, పాట బయటికే వచ్చింది, తన గొంతు తానే విని ఆగింది.

"ఇది నాకు," అంది. "ఇంట్లో పాడుకోవడానికి. నల్లది నీ దగ్గరే ఉంచుకో, రైలుకి. నోటికి ప్లాస్టరు వేసుకుని కూర్చో."

"ఇంటికొకటి, రైలుకొకటి అని నేను మొదటే చెప్పాను," అన్నాడు హెయికి. చెవి డాక్టరు దగ్గర ఉర్వెకు వంతు ఆగస్టులో దొరికింది, పండుగ అయ్యాక.

మంగళవారం ట్రీను అందర్నీ బయట కూర్చోబెట్టి జంటలు జంటలుగా పిలిచింది. వీళ్ళ వంతు ఏడోది. లోపలికి వెళ్ళి నిలబడగానే ట్రీను పియానో మీంచి తలెత్తింది.

"మీరు తారుమారుగా నిలబడ్డారు."

మిల్వి ఏదో సర్దిచెప్పబోయింది. మోకాళ్ళ నొప్పులు కూడా నాలుక చివరికి వచ్చాయి. కానీ ఉర్వె ముందే అనేసింది. "నా ఎడమ చెవి పోయింది ట్రీనూ. జారుతున్నది నేనే. ఇకనుంచి నేను ఇటు, మిల్వి అటు. విను, విన్నాక నీ ఇష్టం."

ట్రీను పియానో మీద స్వరం ఇచ్చింది. ఇద్దరూ పాడారు. మొదటి చరణమైంది, రెండోది మొదలైంది. ట్రీను మధ్యలో పియానో ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినసాగింది. ఆధారం లేని గొంతులు, పట్టుకోవడానికి ఏమీ లేదు. పక్కన ఉర్వె ఊపిరి తీసినప్పుడు మిల్వి కూడా తీసింది. మూడో చరణం చివర ట్రీను ఒక్క మీట నొక్కి చూసింది. ఆ మీటా, ఆ ఇద్దరూ ఒకే చోట ఉన్నారు.

"పండుగలో కూడా అలాగే నిలబడండి," అంది ట్రీను. కాగితం మీద ఏదో రాసుకుంది. "మిల్వి గారూ, ఇక మగవాళ్ళ పక్కన మీరే. వాళ్ళ మీద జోకులు వేస్తే వాళ్ళకే వినబడతాయి, జాగ్రత్త."

బయట గదిలో కోట్లు తగిలించే మేకుల దగ్గర చీకటిగా ఉంది. ఉర్వె బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగింది, లేచింది, టోపీ కోసం తడుముకుంది. మిల్వి ఆమె కుడి పక్కకు వెళ్ళి నిలబడింది. టోపీ ఇంకా పెట్టుకోలేదు, చెవి బయటికే ఉంది. అయిదేళ్ళ కిందట వానలో వంగినట్టే వంగింది.

"ఆ చలికాలం నువ్వు రాకపోయుంటే నేను బతికేదాన్ని కాదే."

ఉర్వె చేతిలో టోపీ ఆగిపోయింది. ఈసారి తలూపలేదు. మిల్వి వైపు తిరిగి, ఆమె కోటు మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మావాళ్ళు చెయ్యని పని. అటు వెళుతున్న హెల్యు చటుక్కున మొహం తిప్పుకుని గోడ మీది కాగితం చదవడం మొదలుపెట్టింది.

"ఇంత మాట చెప్పడానికి అయిదేళ్ళు పట్టిందా నీకు?" అంది ఉర్వె.

"అయిదేళ్ళ కిందటే చెప్పానే," అంది మిల్వి.